నొప్పి కోర్సు తయారుచేస్తున్న నీకు

అమ్మా,

డాక్టర్లకి నొప్పి, వ్యసనం గురించి నేర్పడానికి నువ్వు వేసి పంపిన కోర్సు ప్లాను చదివాను. బాగా కష్టపడ్డావు. కానీ నొప్పికి ఆరు మాడ్యూళ్లు, వ్యసనానికి నాలుగు అని విడగొట్టావు చూడు, నా పేచీ అంతా అక్కడే. మన ముందుకొచ్చే మనిషి అలా రెండు ముక్కలుగా రాడు. నడుంనొప్పికి ఏళ్ల తరబడి ట్రమడాల్ అనే ఓపియాయిడ్ (నల్లమందు జాతి నొప్పి మందు) వేసుకుంటూ, ఈమధ్య నెల తిరక్కముందే మాత్రలు అయిపోతున్నాయండీ అంటూ వస్తాడు. నొప్పి తగ్గక ఎక్కువ వేసుకుంటున్నాడా, వ్యసనంలో పడ్డాడా, రెండూనా? ఆ కుర్చీలో కూర్చున్న డాక్టరుకి నీ మూడో మాడ్యూలు ఒక మాట చెబుతుంది, ఎనిమిదోది ఇంకో మాట చెబుతుంది. మొదటి పాఠం నుంచే రెండూ కలిపి నడిపించు.

ఇంకో సంగతి. మన రంగంలో చదువు చెప్పడం వల్లే హాని జరిగింది, అదీ రెండు వైపులా. 1980లో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో ఐదు వాక్యాల చిన్న ఉత్తరం ఒకటి వచ్చింది. ఆసుపత్రిలో ఉండగా నార్కోటిక్ (అంటే ఓపియాయిడ్) మందు ఇచ్చిన 11,882 మందిలో వ్యసనం కనిపించింది నలుగురిలోనే అని దాని సారాంశం. ఇళ్లలో నెలల తరబడి మాత్రలు వేసుకునేవాళ్ల గురించి అందులో ఒక్క ముక్క లేదు. అయినా ఓపియాయిడ్లతో వ్యసనం అరుదు అని చెప్పడానికి దశాబ్దాల పాటు దాన్నే చూపించారు. ఆ ఉత్తరాన్ని ప్రస్తావించిన 608 రచనలను 2017లో లెక్కేస్తే, దాదాపు 80 శాతం అది ఆసుపత్రిలో ఉన్నవాళ్ల గురించి అన్న మాటే ఎత్తలేదని తేలింది.

తర్వాత గాలి రెండో వైపు తిరిగింది. అమెరికాలో ప్రజారోగ్య సంస్థ సీడీసీ 2016లో ఇచ్చిన మార్గదర్శకాల్లో, రోజుకు 50 మిల్లీగ్రాముల మార్ఫిన్‌కి సమానమైన డోసు దాటేటప్పుడు మళ్లీ ఆలోచించమనీ, 90కి చేరడం తగినంత కారణం లేకుండా వద్దనీ ఉంది. అది సలహా. చదివినవాళ్లు, బీమా కంపెనీలు, చట్టాలు చేసేవాళ్లు దాన్ని గీసిన గీతగా పట్టుకున్నారు. ఎన్నో ఏళ్లుగా మందు మీద ఉన్నవాళ్లకి ఒక్కసారిగా ఆపేశారు. అలా ఆపితే విత్‌డ్రాయల్ (మందు ఆగితే ఒంటికొచ్చే బాధలు), భరించలేని నొప్పి, ఆత్మహత్య దాకా వెళ్లే ప్రమాదం ఉందని 2019 ఏప్రిల్‌లో అక్కడ మందులను నియంత్రించే ఎఫ్‌డీఏ హెచ్చరించాల్సి వచ్చింది. 2022లో సీడీసీ వాటిని తిరగరాసినప్పుడు ముఖ్య సిఫారసుల వాక్యాల్లోంచి ఆ అంకెలు తీసేసింది.

ఇదంతా నీకు తెలియక చెప్పడం లేదు. పాఠం విన్న డాక్టరుకి ఆరు నెలల తర్వాత మిగిలేది ఒక అంకె, ఒక వాక్యం. ఏ అంకె పెట్టినా అది ఎవరి గురించి, ఎవరి గురించి కాదు అన్నది అదే స్లైడు మీద, అంతే పెద్ద అక్షరాల్లో పెట్టు. ఉదాహరణకి 2018లో వచ్చిన స్పేస్ ట్రయల్ నీ ప్లానులో ఉంది. నడుం, తుంటి, మోకాలి నొప్పులున్న 240 మందిని పన్నెండు నెలలు చూస్తే, రోజువారీ పనులు చేసుకోవడంలో ఓపియాయిడ్లు మిగతా మందుల కన్నా మెరుగు కాలేదు. మంచి అధ్యయనం, తప్పక చెప్పు. కానీ అప్పటికే దీర్ఘకాలంగా ఓపియాయిడ్ల మీద ఉన్నవాళ్లను అందులో చేర్చుకోలేదు. ఆ మాట రాయకపోతే, కొత్తగా మొదలుపెట్టొద్దనే ఆధారాన్ని పాతవాళ్లకి ఆపేయడానికి వాడేస్తారు.

పాఠాల్లో దేనికైనా కావలసినంత సమయం ఇవ్వాలంటే, శరీరం మందుకి అలవాటు పడటానికీ వ్యసనానికీ ఉన్న తేడాకి ఇవ్వు. మానసిక జబ్బులను గుర్తించడానికి వాడే డీఎస్‌ఎమ్-5 పుస్తకంలో ఓపియాయిడ్ యూజ్ డిజార్డర్‌కి, అంటే ఓపియాయిడ్ వ్యసనానికి, 11 లక్షణాలు. ఏడాదిలో రెండు కనిపిస్తే చాలు, ఆ జబ్బు కిందకి వస్తుంది. అయితే డాక్టరు చెప్పినట్టే మందు వేసుకుంటున్న మనిషి విషయంలో టాలరెన్స్‌ని (పాత డోసు మునుపటిలా పనిచేయకపోవడాన్ని), విత్‌డ్రాయల్‌ని ఆ లెక్కలోకి తీసుకోకూడదు. చాలా క్విజ్‌లలో ఈ ఒక్క మినహాయింపే వదిలేస్తారు. దాంతో డోసు తప్పితే చెమటలు పట్టే ఒక క్యాన్సర్ రోగి మీద వ్యసనపరుడన్న ముద్ర పడుతుంది. నిజంగా ఆ జబ్బున్న మనిషేమో నొప్పి మాటున తప్పించుకుపోతాడు. రెండు రకాల కేసులూ పక్కపక్కన పెట్టి తేల్చమను.

కేసులు రాసేటప్పుడు మొదటి ప్రశ్నకే సరైన జవాబు పెట్టకు. పాత డాక్టరు రిటైరయ్యాడు, రోగి రోజుకు 120 మిల్లీగ్రాముల మార్ఫిన్‌కి సమానమైన డోసు మీద నీ దగ్గరికొచ్చాడు అనుకో. ఆపుతావా, ఇస్తావా, తగ్గిస్తావా అని అడిగితే తెలివైనవాళ్లు "నెమ్మదిగా తగ్గిస్తాను" నొక్కేసి మార్కులు కొట్టేస్తారు. దాని బదులు ముందు ఏం అడుగుతావు అని అడుగు. నిద్రమాత్రలు, బెంజోడయాజెపైన్ల లాంటి ఆందోళన మందులు వాడుతున్నాడా? ఓపియాయిడ్ డోసు మించితే ప్రాణం కాపాడే నలోక్సోన్ ఇంట్లో ఉందా? మందు ఉంటే ఏ పని చేసుకోగలుగుతున్నాడు, లేకపోతే ఏది చేసుకోలేడు? అడగని దాని ఫలితం మూడో విజిట్‌లో బయటపడాలి. నొప్పి ఎంత అని అడిగి వదిలేయకుండా పెగ్ స్కేలు నేర్పు. గడిచిన వారంలో నొప్పి, జీవితంలో ఆనందం, రోజువారీ పనులు, ఈ మూడు ప్రశ్నలే. నిమిషం కూడా పట్టదు.

వీడియోల్లో నటుల చేత ఏడిపించకు. డాక్టర్లకి అసలు భయం "వద్దు" అని చెప్పాల్సిన ఆ రెండు నిమిషాలు. ఆ సంభాషణ రాయడానికి, ఆ బాధ పడినవాళ్లని, కోలుకుంటున్నవాళ్లని పిలువు. చివర్లో చూసి బాగుందనడానికి కాదు, మొదటి డ్రాఫ్టు నుంచీ కూర్చోబెట్టు, వాళ్ల సమయానికి డబ్బు కూడా ఇవ్వు.

ఓపియాయిడ్ వ్యసనానికి ఇచ్చే మందు బ్యుప్రెనార్ఫిన్ దగ్గర అమెరికా అనుభవం చూడు. అక్కడ అది రాయాలంటే డాక్టర్లకి ఎనిమిది గంటల ట్రైనింగ్, ప్రత్యేక అనుమతి ఉండాలన్న నియమం ఇరవై ఏళ్లకు పైగా నడిచింది. అనుమతి తెచ్చుకున్నవాళ్లలో కూడా చాలామంది ఒక్క రోగికీ రాయలేదు. 2022 డిసెంబరులో ఆ అనుమతి నియమాన్నే తీసేశారు. గంటలు పెంచితే భయం పోదు. మొదటి రోగికి మందు ఇచ్చే రోజు ఫోన్‌లో తోడుండే మనిషి కావాలి. విత్‌డ్రాయల్ తగినంత మొదలుకాకుండా ఇస్తే, మందే విత్‌డ్రాయల్ తెచ్చిపెడుతుందన్న టెన్షన్ అందరికీ ఉంటుంది. కాబట్టి విత్‌డ్రాయల్ ఎంత ఉందో కొలిచే కౌస్ స్కోరు, మొదటి డోసు, తేడా వస్తే ఏం చేయాలి, అన్నీ ఒక్క పేజీలో ఇచ్చి, దాంతో పాటు కేసులు మాట్లాడుకునే ఆన్‌లైన్ మీటింగు పెట్టు. న్యూమెక్సికోలో డాక్టర్ సంజీవ్ అరోరా 2003లో హెపటైటిస్-సి కోసం మొదలుపెట్టిన ప్రాజెక్ట్ ఎకో నడిచేది ఇలాగే. ఊళ్లో డాక్టరు తన కేసు చెబుతాడు, నిపుణులతో పాటు మిగతా ఊళ్ల డాక్టర్లూ సలహా ఇస్తారు. నీ మాడ్యూళ్లన్నీ ఒక ఎత్తు, ఈ మీటింగు ఒక ఎత్తు.

పాఠాలు పది నిమిషాలు దాటనివ్వకు, ఫోన్‌లో తెరుచుకోవాలి. ఈ రెండూ నీకు తెలిసినవే. క్విజ్ మాత్రం పాఠం అయిన వెంటనే పెట్టి మురిసిపోకు. మనస్తత్వ శాస్త్రవేత్తలు రోడిగర్, కార్పికీ 2006లో చేసిన ప్రయోగాల్లో ఐదు నిమిషాల తర్వాత చూస్తే మళ్లీ చదివినవాళ్లే ముందున్నారు. వారం తర్వాత చూస్తే, మధ్యలో తమను తాము పరీక్షించుకున్నవాళ్లు ముందున్నారు. అందుకని వారానికి, నెలకి ఒక్కో కేసు ఫోన్‌కి పంపు.

మందుల కంపెనీ డబ్బు తీసుకోకు. షరతుల్లేవు అన్నా సరే. దీని మీద వాదన పెట్టుకునే ఓపిక నాకు లేదు.

కోర్సు పనిచేసిందా అని పైవాళ్లు అడిగితే ఎన్ని సర్టిఫికెట్లు ఇచ్చామో చూపించాలని ఉంటుంది. ఓపియాయిడ్ ప్రిస్క్రిప్షన్లు తగ్గాయని చూపించాలని అంతకంటే ఎక్కువ ఉంటుంది. ఆ రెండో అంకెతో జాగ్రత్త. ఆపాల్సినవాళ్లకి ఆపినా తగ్గుతుంది, అవసరమైనవాళ్లను తరిమేసినా తగ్గుతుంది. పెగ్ స్కోరు ఎంతమంది రాస్తున్నారు, ఎక్కువ డోసు మీద ఉన్నవాళ్లలో నలోక్సోన్ ఎంతమందికి ఇచ్చారు, ఒక్కసారిగా మందు ఆగిపోయినవాళ్లు ఎంతమంది, బ్యుప్రెనార్ఫిన్ మొదలుపెట్టినవాళ్లలో ఎంతమంది ఇంకా వస్తున్నారు, ఇవి చూడు. ఈ లెక్కలు తీయడం కష్టం, కాబట్టి కోర్సు మొదలవ్వకముందే ఏ ఆసుపత్రి రికార్డుల్లోంచి తీయాలో మాట్లాడి పెట్టుకో.

స్లైడ్ల పని ఆపి ముందు ఆ 120 మిల్లీగ్రాముల కేసు ఒక్కటి రాసి పంపు. నర్సు, ఫార్మసిస్టు ఇద్దరికీ చూపించాకే పంపు సుమా.

ఆశీస్సులతో,
మీ మేడమ్