మీ నాన్న పన్ను గురించి

పాపా,

నిన్న అక్క ఫోన్ చేసింది. సాయినగర్‌లో నీ క్లినిక్ తెరవగానే మొదటి ఇంప్లాంట్ క్రౌన్, అంటే దవడ ఎముకలో దించిన స్క్రూ మీద తొడిగే పన్ను, మీ నాన్నకే పెడుతున్నావట, అది చేసేది నా లాబ్‌లోనేనట. సంతోషంతో నాకు నోట మాట రాలేదు. ఫోన్ పెట్టేశాక మాత్రం టెన్షన్ పట్టుకుంది. బావకు షుగరు. బుగ్గన ఎప్పుడూ వక్కాకు. రాత్రిళ్ళు పళ్ళు నూరుతాడు, ఎండాకాలం మిద్దె మీద ఆయన పక్కన పడుకున్నవాణ్ణి, ఆ చప్పుడు నాకు తెలుసు. షుగరు చూపించు, వక్క మాన్పించు, రాత్రి పళ్ళకు తొడుక్కునే నైట్ గార్డ్ ఇవ్వు. ఇవి నీకు చెప్పక్కర్లేదు.

క్రౌన్‌కు వాడే జిర్కోనియా పింగాణీ మరీ గట్టి కదా, కింద ఎముక కరిగిపోతుందేమో అని భయపడుతున్నావట. లెక్కలు చూస్తే ఎవరికైనా భయమేస్తుంది. వంగకుండా నిలిచే బిగువు దవడలో గట్టి ఎముకకు 15 గిగాపాస్కల్ చుట్టుపక్కల, ఇంప్లాంట్ చేసే టైటానియం 110, జిర్కోనియా 200. స్వీడన్ డాక్టరు బ్రోనెమార్క్ 1965లో మనిషికి మొదటి ఇంప్లాంట్ పెట్టాక చాలా ఏళ్ళు పైన యాక్రిలిక్ ప్లాస్టిక్ పళ్ళే వేసేవాళ్ళు, నమిలే దెబ్బ మెత్తగా దిగుతుందని. యాక్రిలిక్ అరిగింది, విరిగింది. ఎముకకు మాత్రం అనుకున్నంత లాభం కనబడలేదు. పింగాణీ వేసినవాళ్ళకూ ఎముక బాగానే నిలిచింది. కాబట్టి జిర్కోనియాకు భయపడకు, బైట్‌కు, అంటే పైపళ్ళూ కిందిపళ్ళూ కలిసే తీరుకు భయపడు. సొంత పంటి వేరు చుట్టూ లిగమెంట్ అనే మెత్తటి పొర ఉంటుంది, కొరికితే కాస్త కుంగుతుంది, ఎత్తుగా ఉంటే మనిషికి వెంటనే తెలుస్తుంది. ఇంప్లాంట్‌కు అది లేదు. "బాగుందమ్మా" అని బావ అంటే నమ్మకు, కూతురు చేసిందంటే ఆయనకు అన్నీ బాగుంటాయి. పళ్ళ మధ్య షిమ్‌స్టాక్, ఆ పల్చటి రేకు, పెట్టు. మెల్లగా కొరికితే జారిపోవాలి, గట్టిగా కొరికినప్పుడే పట్టాలి. అరగదీసిన చోట మళ్ళీ నున్నగా పాలిష్ చెయ్యి, గరుకుగా వదిలితే పైపన్ను అరిగిపోతుంది.

ఇక నేను ఈ ఉత్తరం రాయడానికి అసలు కారణం సిమెంట్. క్రౌన్‌ను సిమెంట్‌తో అతికిస్తానన్నావని అక్క చెప్పింది. వద్దు.

పేరెందుకులే, ఒక డాక్టరు చాలాకాలం కిందట నాకొక డబ్బా పంపాడు. తెరిస్తే దూదిలో ఊడొచ్చిన ఇంప్లాంట్, దాని మీద నేను చేసిన పీఎఫ్ఎం క్రౌన్, లోపల మెటల్, పైన పింగాణీ. రిటైరైన టీచరమ్మది, కింది దవడ పన్ను. రెండేళ్ళు బాగానే నమిలిందట. తర్వాత చిగురు నుంచి రక్తం, ఆపైన చీము. "నీ మెటల్ పడలేదు, ఈసారి జిర్కోనియా చెయ్యి" అని చీటీ. లెన్స్ కింద పెట్టి చూశాను. క్రౌన్ అంచు కింద, చిగురు లోపల ఉండే భాగం చుట్టూ, పాత గోడకు సున్నం పెచ్చులా సిమెంట్ పట్టి ఉంది. గోటితో గీకితే రాలేదు. ఎక్స్‌రే కూడా పంపించాడు. ఎముక పోయింది కనబడుతోంది, సిమెంట్ కనబడటం లేదు. కొన్ని సిమెంట్లు ఎక్స్‌రేలో పడవు. అంచు చిగురులోకి ఎంత లోతుకు పోతే అంత ఎక్కువ మిగులుతుంది, ఎంత చేయి తిరిగిన డాక్టరైనా అంతే. మెటల్ తప్పు కాదు సార్ అని ఫోన్ చేసి చెప్పాను. మళ్ళీ ఆయన దగ్గర్నుంచి పని రాలేదు. ఆమె మాత్రం ఆ తర్వాత మెత్తటి అన్నమే తినేదని విన్నాను. జొన్నరొట్టె మానేసిందట. మన సీమలో అదేం చిన్న శిక్షా?

అందుకే స్క్రూ రిటైన్డ్, అంటే నోట్లో అతికించకుండా స్క్రూతో బిగించేది చేద్దాం. టై-బేస్‌కు, ఇంప్లాంట్ మీద కూర్చునే ఆ టైటానియం ముక్కకు, జిర్కోనియా ఇక్కడ లాబ్‌లోనే అతికించి, మిగిలిన సిమెంట్ నా చేత్తో తుడిచి, చిగురు లోపలికి పోయే భాగం అద్దంలా పాలిష్ చేసి పంపుతాను. నువ్వు స్క్రూను కంపెనీ చెప్పిన టార్క్‌కు, అంటే అంతే బిగువుకు బిగించి, పైన టెఫ్లాన్ టేపు, కాంపోజిట్ ఫిల్లింగ్ పెట్టు. మధ్యలో స్క్రూ పోయే రంధ్రం బాగుండదని మొహం ముడుచుకోకు. వెనక పన్ను అది, ఎవరు చూడొచ్చారు? రేపు ఏదైనా అయితే విప్పి చూసుకోవచ్చు.

క్రౌన్ పెట్టిన రోజే ఒక ఎక్స్‌రే తీసి దాచు. మొదటి ఏడాది ఎముక కాస్త తగ్గినా కంగారు పడకు. ఆ తర్వాత ఏడాదికి 0.2 మిల్లీమీటర్ దాటకూడదు. పాత ఎక్స్‌రే లేకపోతే దేంతో పోల్చి చూస్తావు?

క్రౌన్ షేడ్ (రంగు) తెల్లటిది ఎంచకు. అనంతపురం ఫ్లోరైడ్ నీళ్ళు తాగి పెరిగిన పళ్ళు ఆయనవి, మచ్చలు కూడా ఫోటో తీసి పంపు, వేయిస్తాను. ఖర్చు నాది. డబ్బులు పంపావంటే అక్కతో చెప్పి తిట్టిస్తాను. స్కాన్ పంపేటప్పుడు పై దవడది మరిచిపోకు, పోయినసారి కింది దవడ ఒక్కటే పంపించావు.

మీ మామ,
కర్నూలు