వైండింగ్ షాపా, ఈవీ కోర్సా?

ప్రశ్న: మాది రాయగడ. మా బాబు ఐటీఐ ఎలక్ట్రీషియన్ పాసయ్యాడు. ఊళ్లోనే మోటార్ వైండింగ్ షాపులో చేరతానంటున్నాడు. మేమేమో అప్పు చేసైనా విశాఖలో మూడు నెలల ఈవీ (ఎలక్ట్రిక్ వాహనాల) కోర్సు చేయించాలనుకుంటున్నాం. ఏది మంచిది?

జవాబు: అమ్మా, పార్వతీపురం నుంచి బరంపురం దాకా ఎంతోమంది నన్ను ఇదే అడిగారు. అడిగేది కోర్సు గురించే కానీ లోపలి టెన్షన్ వేరు: చేతికి గ్రీజు అంటిన పిల్లాడికి పిల్లనెవరిస్తారని. ఆ భయం మీది, మీ బాబుది కాదు. దానికోసం అప్పు తెచ్చి అతని నెత్తిన పెట్టకండి.

వైండింగ్ షాపు పని అంటే రాగి తీగ చుట్టడం ఒక్కటే అనుకుంటారు. బిగుసుకుపోయిన పంపు మోటారు వచ్చిందనుకోండి. కరెంటు తీసేసి షాఫ్టును చేత్తో తిప్పి చూడాలి. కదలకపోతే పంపు నుంచి విడదీసి మళ్లీ తిప్పాలి. అప్పుడు తిరిగితే తప్పు పంపుది, నీటిని తోసే చక్రమైన ఇంపెల్లర్‌లో ఇసుకో రాయో ఇరుక్కుని ఉండొచ్చు. అప్పటికీ కదలకపోతే ముందు బేరింగ్‌నే అనుమానించాలి. చేత్తో సాఫీగా తిరుగుతూ, స్విచ్ వేస్తే మూలుగుతుంటే సింగిల్ ఫేజ్‌లో కెపాసిటర్ చూడాలి, త్రీ ఫేజ్‌లో ఒక ఫేజ్ పోయిందేమో చూడాలి. అరిగిన బేరింగ్ వదిలేసి వైండింగ్ మాత్రం కట్టిస్తే, లోపల తిరిగే రోటరు, చుట్టూ కదలకుండా ఉండే స్టేటరుకు రాసుకుని ఆ కొత్త వైండింగూ పోతుంది. ఇవన్నీ పట్టుకోగలిగినవాడికి మన వైపు పనికి కొదవ లేదు.

ఈవీ రంగం పెరుగుతోంది, కాదనను. మూడు నెలల కోర్సు మీదే నాకు నమ్మకం లేదు. బ్యాటరీ, కంట్రోలర్ అంటూ పేర్లు వస్తాయి, చేతికి పని రాదు. స్కూటర్ చక్రంలోని మోటారులోనూ ఉండేవి రాగి చుట్టలు, బేరింగులు, వాటికి తోడు అయస్కాంతాలు. ఫీజు కట్టేముందు ఒక్కటే అడగండి: మా వాడు తన చేత్తో ఎన్ని మోటార్లు విప్పుతాడు? సూటిగా చెప్పకపోతే లేచి వచ్చేయండి. బ్రోచర్లో కారు బొమ్మ చూసి అప్పు చేసే తల్లిదండ్రులంటే నాకు కోపం. మిమ్మల్నీ కలిపే అంటున్నాను.

అప్రెంటిస్‌షిప్ దారి కూడా ఉంది. జేకేపూర్ పేపరు మిల్లు, థేరుబలి ఫెర్రో అల్లాయ్స్ మీకు దగ్గరే. అలాంటి చోట్ల పంపులూ ఫ్యాన్లూ నడిచేది మోటార్ల మీదే. కేంద్ర అప్రెంటిస్‌షిప్ పోర్టల్లో పేరు నమోదు చేయించి ఖాళీలు చూస్తుండమనండి. స్టైపెండ్ ఇస్తారు.

షాపులో చేరేముందు మీరూ ఒకసారి వెళ్లి చూడండి. బేరింగ్‌ను పుల్లర్‌తో తీస్తున్నారా, సుత్తితో బాదుతున్నారా? మోటారు తిరిగి ఇచ్చేముందు వైండింగ్ నుంచి కరెంటు లీకవుతుందేమో చూసే 500 వోల్టుల మెగ్గర్ పెడుతున్నారా? మెగ్గర్ లేకపోతే ఇంకో షాపు వెతకండి.