ప్రశ్నాపత్రం మీరే రాసిస్తున్నారు: ఇంటర్వ్యూలకు బయల్దేరే పిల్లలకు ఒక ఉత్తరం

మారతహళ్ళి, బెంగళూరు

చిన్నీ,

సాఫ్ట్‌వేర్ ఉద్యోగాల కోసం నువ్వు పంపిన నాలుగు రెజ్యూమెలూ, నీదీ నీతో ప్రాజెక్టు చేసిన ముగ్గురివీ, చూశాను. పేరూ ఫోన్ నంబరూ చెరిపేస్తే ఏది ఎవరిదో చెప్పడం కష్టం. నాలుగింటికీ అదే నీలం పట్టీ, అవే రెండు నిలువు వరసలు, అదే "హార్డ్ వర్కింగ్, క్విక్ లెర్నర్". అందుకని నలుగురికీ కలిపే రాస్తున్నాను. నువ్వు చదివాక వాళ్ళకీ ఇవ్వు.

కాలేజీ నుంచి నేరుగా వచ్చినవాళ్ళని ఇంటర్వ్యూ చేసేవాళ్ళు చాలావరకు మీ కాగితాన్నే చేతిలో పట్టుకుని, అందులో కనిపించిన మాటల్ని ఒక్కొక్కటే పట్టి లాగుతారు. అంటే ప్రశ్నాపత్రం మీరే రాసిస్తున్నారన్నమాట. నీ స్కిల్స్ వరసలో పదకొండు మాటలున్నాయి, చివరిది బ్లాక్‌చెయిన్. రెండు రోజుల వర్క్‌షాప్‌కి వెళ్ళి సర్టిఫికెట్ తెచ్చుకున్నావని అది అక్కడ చేరింది. ఒక్కో మాట మీద వేలు పెట్టి మూడు ప్రశ్నలు వేసుకో. ఇది దేనికి వాడతారు? దీంతో నేనేం చేశాను? చేసేటప్పుడు ఎక్కడ ఇరుక్కున్నాను? మూడోదానికి జవాబు లేకపోతే ఆ మాట కొట్టెయ్. నాలుగో ఐదో మిగులుతాయి, అవి చాలు.

ఆ నీలం పట్టీ డిజైను కూడా తీసెయ్యండి. పెద్ద కంపెనీల్లో చాలాచోట్ల రెజ్యూమెని ముందు సాఫ్ట్‌వేరే చదువుతుంది. రెండు వరసలూ, టేబుళ్ళూ, బొమ్మలూ ఉంటే అది అడ్డంగా చదువుకుపోయి అంతా కలగాపులగం చేస్తుంది. దీన్ని కనిపెట్టడానికి రెండు నిమిషాలు చాలు. పీడీఎఫ్ తెరిచి మొత్తం కాపీ చేసి నోట్‌ప్యాడ్‌లో పేస్ట్ చెయ్. నీది చేసి చూస్తే ఇంటర్ మార్కుల మధ్యలో ఫోన్ నంబరు వచ్చి కూర్చుంది. ఒకే వరస, ఒకే పేజీ, మామూలు అక్షరాలు. కెరీర్ ఆబ్జెక్టివ్, నాన్నగారి పేరు, పుట్టిన తేదీ, "పాటలు వినడం", అడుగున ప్రమాణపత్రం, ఇవేవీ అక్కర్లేదు. ఫైలుకి "రెజ్యూమె ఫైనల్ న్యూ 2" అని కాకుండా నీ పేరూ బ్రాంచీ పెట్టు.

ఇక ప్రాజెక్టు. అసలు గండం ఇక్కడే. నలుగురూ కలిసి చేసిన టమాటా ఆకుల తెగుళ్ళ ప్రాజెక్టుని నలుగురూ అక్షరం పొల్లుపోకుండా ఒకేలా రాశారు. "98 శాతం ఆక్యురసీ సాధించాము" అని, అంటే ఆకు ఫొటో చూసి మీ మోడల్ (తెగులు పేరు చెప్పే ప్రోగ్రాం) నూటికి 98 సార్లు సరిగ్గా చెప్పిందని. ఒకే కంపెనీ రిక్రూట్‌మెంట్ డ్రైవ్‌కి నలుగురూ వెళ్తారు, నాలుగు కాగితాలూ ఒకే బల్ల మీదికి చేరతాయి. "ఇందులో నువ్వు చేసిందేంటి?" అన్నదే మొదటి ప్రశ్న. దానికి "మేమంతా కలిసి చేశాం సార్" అంటే జవాబు లేదనే లెక్క. ఫొటోలు సర్దింది ఎవరో, మోడల్ నడిపింది ఎవరో, యాప్ కట్టింది ఎవరో ఈ వారంలో తేల్చుకుని, ఎవరి ముక్క వాళ్ళు రాసుకోండి. ఎవరూ ఏమీ చెయ్యకుండా బయట కొన్న ప్రాజెక్టయితే (అడగను, నాకు చెప్పక్కర్లేదు), ఇప్పుడైనా కోడ్ తెరిచి ఒక్కో వరసా చదివి, చెరిపేసి, మళ్ళీ మీరే రాయండి. పదిహేను రోజుల పని.

తర్వాతి ప్రశ్న ఫొటోలు ఎక్కడివని. ప్లాంట్‌విలేజ్ అనే ఆకుల ఫొటోల సేకరణ నుంచి తీసుకున్నామని రాశారు. అయితే దాని గురించి తెలియాలి. అందులో దాదాపు 54 వేల ఫొటోలు, 14 పంటలు, 38 తరగతులు. టమాటాకే పది తరగతులు, వాటిలో ఒకటి ఏ రోగమూ లేని ఆకు. మన వేరుశనగ అందులో లేనే లేదు. పైగా అవి ఆకు కోసి, ఒకే రంగు నేపథ్యం మీద పెట్టి తీసిన ఫొటోలు. తోటలో రైతు ఫోన్‌తో తీస్తే మట్టి ఉంటుంది, పక్క ఆకుల నీడ ఉంటుంది, మందు కొట్టిన మచ్చలుంటాయి. ఈ ఫొటోలతోనే 2016లో వచ్చిన ఒక పరిశోధనా పత్రంలో 99.35 శాతం తెచ్చుకున్న మోడల్, వేరే పరిస్థితుల్లో తీసిన ఫొటోల దగ్గరికి వచ్చేసరికి 31 శాతం దగ్గర ఆగిపోయింది. కాబట్టి 98 అనగానే ఎదుటివాళ్ళు ముచ్చటపడరు, ఎందుకంత వచ్చిందని అడుగుతారు. ఫొటోల్ని తిప్పి, అద్దంలో బొమ్మలా మార్చి సంఖ్య పెంచారు కదా. పెంచాక ట్రైనింగ్‌కీ (మోడల్‌కి నేర్పడానికి) టెస్టింగ్‌కీ (దాన్ని పరీక్షించడానికి) విడగొట్టారా, విడగొట్టాక పెంచారా? పెంచాక విడగొట్టి ఉంటే అదే ఆకు అటూ ఇటూ కూడా ఉంటుంది. చూసి రాసిన పరీక్షకి మార్కులు రాక ఏమవుతాయి?

మీ మదనపల్లె చుట్టూ టమాటా తోటలకి కొదవ లేదు. ఒక ఆదివారం పొద్దున ఏదో ఒక తోటకి వెళ్ళి, రైతుని అడిగి, అరవై ఆకుల్ని చెట్టు మీద ఉన్నవి ఉన్నట్టుగానే ఫొటోలు తీసుకోండి. ఏది ఏ తెగులో ఆయన్నే అడిగి రాసుకుని, వాటిని మీ మోడల్‌కి ఇవ్వండి. అంకె దబ్బున పడిపోతుంది. పడనివ్వండి. రెజ్యూమెలో రెండు అంకెలూ పక్కపక్కన రాసి, తేడా ఎందుకొచ్చిందో ఒక్క వాక్యం చేర్చండి. పావుగంట ఇంటర్వ్యూ దాని చుట్టూనే తిరుగుతుంది, ఆ పావుగంటలో మీకు తెలియని ప్రశ్న పెద్దగా రాదు.

కోడింగ్ రోజుకి రెండు లెక్కలు చాలు, కానీ కాగితం మీద. రాశాక నాలుగు రకాల ఇన్‌పుట్ నీ చేత్తోనే నడిపి చూడు. ఖాళీది, ఒక్కటే అంకె ఉన్నది, ఒకే అంకె రెండుసార్లు వచ్చేది, రుణ సంఖ్యలున్నది. సాధారణంగా తప్పేది లాజిక్కు కాదు, ఈ నాలుగే. డేటాబేస్‌ని ప్రశ్నలడిగే భాష ఎస్‌క్యూఎల్‌లో "రెండో అత్యధిక జీతం" అడగని చోటు తక్కువ. అందరూ జీతాల్ని పెద్దది ముందు వచ్చేలా పేర్చి, ఒకటి వదిలి రెండోది తీస్తారు. పైన ఇద్దరికి ఒకే జీతం ఉంటే వచ్చేది మొదటి జీతమే. ఒకే విలువ రెండుసార్లు రాకుండా చేసే డిస్టింక్ట్ అనే మాట పెట్టాలి. అసలు రెండో జీతమే లేకపోతే ఏమొస్తుందో కూడా చెప్పగలిగితే ఎదుటివాళ్ళు అక్కడితో వదిలేస్తారు.

మనవాళ్ళలో ఇంకో ఇబ్బంది చూస్తుంటాను. ఆలోచించేటప్పుడు నోరు కట్టేసుకుంటారు. రెండు నిమిషాల మౌనం ఎదుటివాళ్ళకి "రాదు" అనే వినిపిస్తుంది. మీరు ఏమనుకుంటున్నారో వచ్చిన ఇంగ్లిషులోనే పైకి అంటూ ఉండండి. వ్యాకరణం కాస్త తప్పినా ఫర్వాలేదు. తెలియకపోతే తెలియదనండి, దానికి దగ్గరగా తెలిసింది ఏదైనా ఉంటే అది చెప్పండి. పరిచయం నిమిషంన్నర మించకూడదు. "మైసెల్ఫ్" అని మొదలుపెట్టొద్దు, ఊరూ కుటుంబమూ చెప్పొద్దు. ఏం చదువుతున్నావు, ఏం కట్టావు, ఈ ఉద్యోగంలో ఏ పని చెయ్యాలనుకుంటున్నావు, అంతే. ఫోన్‌లో రికార్డు చేసి విను. మొదటిసారి నీ గొంతు నీకే నచ్చదు. "యాక్చువల్లీ" ఎన్నిసార్లు వచ్చిందో లెక్కపెట్టుకో. కంఠతా మాత్రం పట్టకు, మధ్యలో ఒక ప్రశ్న పడితే తెగిన దారం మళ్ళీ దొరకదు. ఆడపిల్లలని "పెళ్ళెప్పుడు" అని అడిగేవాళ్ళు ఇంకా ఉన్నారు. కోప్పడక్కర్లేదు, సమాధానమూ ఇవ్వక్కర్లేదు. "ఇప్పుడు నా ఆలోచనంతా ఈ పని మీదే ఉంది" అని తిరిగి పని మాటల్లోకి రండి.

బట్టల గురించి అడిగావు. ఇస్త్రీ చేసిన చుడీదారు చాలు.

కాగితాల్లో చాలామంది పట్టించుకోనిది పేరు. టెన్త్ మెమోలో ఇంటిపేరు ముందుంటుంది, ఆధార్‌లో వెనక, పాన్‌లో ఒట్టి పొడి అక్షరం. ఉద్యోగం వచ్చాక వెరిఫికేషన్ దగ్గరా పీఎఫ్ దగ్గరా ఇదే అడ్డం పడుతుంది. టెన్త్ మెమోలో ఎలా ఉందో ఆధార్, పాన్ అలాగే ఉండేట్టు ఇప్పుడే మార్పించుకోండి. ఇంటర్వ్యూకి మెమోల జెరాక్సులు రెండు సెట్లు, ఫొటోలు, ఆధార్ అసలుది తీసుకురండి. ఒరిజినల్ మెమోలు చూపించవచ్చు, ఎవరి దగ్గరా వదిలి రావద్దు.

ముందు రోజే నా దగ్గరికి వచ్చెయ్యండి. హోసకోట మీదుగా వచ్చే బస్సయితే కె.ఆర్. పురంలో దిగండి. వైట్‌ఫీల్డ్‌లో ఇంటర్వ్యూ అయితే అక్కడ పర్పుల్ లైను మెట్రో ఎక్కితే నేరుగా వెళ్తుంది. ఎలక్ట్రానిక్ సిటీ అయితే మెజెస్టిక్‌లో గ్రీన్ లైనుకీ, ఆర్.వి. రోడ్‌లో ఎల్లో లైనుకీ మారాలి. 2025 ఆగస్టులో ఆ లైను మొదలయ్యాక సిల్క్ బోర్డ్ దగ్గర ట్రాఫిక్‌లో బస్సులో కూర్చుని ఇంటర్వ్యూ పోగొట్టుకునే అవస్థ తప్పింది. మాన్యతా టెక్ పార్క్ ఊరికి ఇంకో మూల, నాగవార దగ్గర, అక్కడికి బస్సో ఆటోనో. ఆటో అతనితో "కన్నడ స్వల్ప స్వల్ప బరుత్తె" (కన్నడ కొంచెం కొంచెం వచ్చు) అంటే చాలు, మిగతాది అతనే తెలుగులో మాట్లాడతాడు. ఏ పార్కుకైనా ఏ గేటు, ఏ టవరు, ఎన్నో అంతస్తు అని ముందే మెయిల్లో అడగండి. గేటు దగ్గర పాసు, ఫొటో, బ్యాగు తనిఖీ, అన్నీ కలిసి అరగంట తినేస్తాయి. ముప్పావుగంట ముందు గేటు దగ్గర ఉండాలి.

ఈ చుట్టుపక్కల పీజీ హాస్టళ్ళలో ఎవరో ఒకరు "అక్కా, కన్సల్టెన్సీ ఉంది, రెండేళ్ళ ఎక్స్‌పీరియన్స్ పెట్టిస్తారు" అని చెప్తారు. ఒప్పుకోవద్దు. నీతి సంగతి అలా ఉంచు, లెక్క చూడు. ఉద్యోగం చేసినట్టు కాగితం తయారవుతుంది గానీ, పీఎఫ్ ఖాతాలో నెలనెలా డబ్బు పడినట్టు ఎక్కడా ఉండదు. వెరిఫికేషన్‌లో ఆ పీఎఫ్ చరిత్రనే అడుగుతారు. చేరిన ఆరు నెలలకి బయటపడితే ఉన్న ఉద్యోగం కూడా పోతుంది. రిజిస్ట్రేషన్ అనీ, ట్రైనింగ్ డిపాజిట్ అనీ, లాప్‌టాప్‌కనీ ముందు డబ్బు అడిగిన వాళ్ళ ఫోన్ అక్కడే పెట్టెయ్యండి.

ఆఫర్ వచ్చాక మెయిల్లో పెద్ద అంకె చూసి ఇంట్లో చెప్పెయ్యొద్దు. సీటీసీ (ఏడాదికి నీ మీద కంపెనీ పెట్టే మొత్తం ఖర్చు) 4,20,000 అనుకో, పన్నెండుతో భాగించి 35 వేలు వస్తాయనుకుంటారు. అందులో వేరియబుల్ పది శాతం, అంటే 42,000, ఏడాది చివర వస్తే వచ్చినట్టు. బేసిక్ సగం, అంటే నెలకి 17,500. దాని మీద కంపెనీ కట్టే పీఎఫ్ 12 శాతం, ఏడాదికి 25,200, అదీ ఈ 4,20,000లోదే. గ్రాట్యుటీ పేరుతో ఇంకో పదివేల చిల్లర. మిగిలింది నెలకి 28,558. మీ వాటా పీఎఫ్ 2,100, కర్ణాటక ప్రొఫెషనల్ టాక్స్ 200 పోతే చేతికి 26,258. కొన్ని కంపెనీలు ఇన్సూరెన్స్ కూడా ఇందులోనే కలుపుతాయి. ఇంకా బాండ్ ఉందా, ఎన్నేళ్ళు, మధ్యలో మానేస్తే ఎంత కట్టాలి, ఆ డబ్బు దేనికని రాశారు, ఇవన్నీ చదివాకే సంతకం. చేరే తేదీ ఒక్కోసారి నెలలకి నెలలు జరుగుతుంది. చేరేదాకా మిగతా ఇంటర్వ్యూలు మానొద్దు.

తోటలో ఫొటోలు తీశాక వచ్చిన అంకె, కొత్త రెజ్యూమె రెండూ పంపు. ఆదివారం సాయంత్రం ఆరు దాటాక ఫోన్ చెయ్, నలుగురూ ఉండండి. ఒక్కొక్కరినీ విడివిడిగా అడుగుతాను, పక్కవాళ్ళు అందివ్వకూడదు.

మీ
పెద్దమ్మ