పాత బాకీకి కొత్త సంతకమా?

ప్రశ్న: కూకట్‌పల్లిలో ఇంటి నుంచే ఫ్రీలాన్స్ డిజైనర్‌గా పనిచేస్తున్నాను. కాలిఫోర్నియా కంపెనీ ఒకటి మొబైల్ యాప్ స్క్రీన్లు చేయించుకుంది. మెయిల్లో కుదిరిన మాట 2,400 డాలర్లు, రెండుసార్లు మార్పులు. ఇప్పటికి ఏడుసార్లు మార్పించారు. నా సొంత ల్యాప్‌టాప్‌లో నేను పనిచేస్తున్నానో లేదో గమనించే ట్రాకర్ సాఫ్ట్‌వేర్ కెమెరాతో సహా వేసుకోమంటున్నారు. పని ముగిశాక రెండేళ్లు పోటీ కంపెనీలకు చేయకూడదని, చేస్తే 10,000 డాలర్లు కట్టాలని కొత్త అగ్రిమెంట్ పంపారు. సంతకం పెట్టేదాకా డబ్బు రాదట, పెట్టకపోతే అక్కడ కేసు వేస్తారట. రేపు వీసాకి అడ్డొస్తుందేమో, పెట్టేయమని నాన్న. పోలీసులకు చెబుదామని అన్నయ్య. ఏం చేయాలి లాయర్ గారూ?

జవాబు: సంతకం పెట్టకండమ్మా. చేసిన పని డబ్బు వేరు, కొత్త షరతులు వేరు. రెంటినీ ముడిపెట్టడమే వాళ్ల ఎత్తు.

స్టాంపు పేపరు మీద రాసుకోలేదే అని బెంగ వద్దు. మెయిళ్లలో కుదిరిన ఒప్పందం చెల్లుతుందని ఐటీ (ఇన్ఫర్మేషన్ టెక్నాలజీ) చట్టం, 2000 సెక్షన్ 10ఏ చెబుతోంది. ఆ షరతుల్ని ఒక పక్షం తనంతట తాను మార్చేయలేదు. కాకపోతే మూడో మార్పు నుంచి ఏడో మార్పు దాకా మీరు నోరెత్తకుండా చేసిచ్చారు. ఊరికే చేయలేదని వాదించవచ్చుగానీ ఆ ఐదింటికి డబ్బు వస్తుందని నేను మాటివ్వను. ఎనిమిదోది అడిగితే ముందు రేటు మెయిల్ చేసి, వాళ్లు సరేనన్నాకే ఫైలు తెరవండి. ట్రాకర్ అంటారా, గంటల లెక్కన బిల్లు వేసేవాళ్లను అడిగితే అర్థముంది. మొత్తం పనికి ఒకే ధర మాట్లాడుకున్న మనిషికి కెమెరా దేనికి?

రెండేళ్ల ఆంక్ష గురించి నిద్ర పాడుచేసుకోకండి. ఒప్పందం ముగిశాక బతుకుతెరువును అడ్డుకునే షరతు మన కాంట్రాక్ట్ చట్టం, 1872 సెక్షన్ 27 ప్రకారం చెల్లదు. తమాషా ఏమిటంటే కాలిఫోర్నియా చట్టం కూడా దాన్ని ఒప్పుకోదు. షరతే చెల్లనప్పుడు దాని మీద జరిమానా ఎక్కడిది?

మరి చెల్లని కాగితం మీద సంతకం పెడితే ఏం పోయిందంటారా? అసలు మెలిక చివరి పేజీల్లో ఉంటుంది. వివాదాలన్నీ కాలిఫోర్నియా కోర్టులోనే అన్న వాక్యం వెతకండి. అమెరికా కోర్టు డిక్రీని, అంటే తీర్పు ఉత్తర్వును, ఇక్కడ నేరుగా అమలు చేయించుకోలేరు. సివిల్ ప్రొసీజర్ కోడ్ సెక్షన్ 44ఏ కింద మన ప్రభుత్వం గుర్తించిన దేశాల్లో బ్రిటన్, సింగపూర్, యూఏఈ ఉన్నాయి, అమెరికా లేదు. ఆ డిక్రీ పట్టుకుని ఇక్కడ మళ్లీ దావా వేయాలి, అప్పుడు మీరు ఆ కోర్టుకు అధికారమే లేదనవచ్చు. ఆ వాక్యం కింద సంతకం పెట్టారో, ఈ మాట అనే హక్కు చేజేతులా పోగొట్టుకున్నట్టే. అలాగని అక్కడి నుంచి సమన్లు వస్తే పక్కన పడేయకండి, వెంటనే లాయర్‌కి చూపించండి.

రెండో మెలిక కాపీరైట్. మీరు వాళ్ల ఉద్యోగి కారు కనుక, మన కాపీరైట్ చట్టం, 1957 ప్రకారం రాసి సంతకం చేసి బదిలీ చేసేదాకా డిజైన్ల హక్కు సాధారణంగా మీదే. ఇది మీ చేతిలో ఉన్న గట్టి పట్టు. పూర్తి డబ్బు అందాకే బదిలీ అన్న మాట లేకుండా దాన్ని వదలకండి. కానీ కోపంలో వాళ్ల సర్వర్‌లోకి వెళ్లి ఫైళ్లు చెరిపారంటే ఐటీ చట్టం సెక్షన్ 66 కింద ముద్దాయి మీరవుతారు. అన్నయ్యకు చెప్పండి, డబ్బు ఎగ్గొట్టడం ఒక్కటే మోసం నేరం కాదు, మొదటి నుంచీ మోసగించే ఉద్దేశం కనపడాలి. స్టేషన్లో సివిల్ మ్యాటర్ అని పంపేస్తారు.

వీసా భయం మన ఊళ్లో ఎంతో చిలుకూరులో ప్రదక్షిణలు చూస్తే తెలుస్తుంది. వీసా ఫారంలో అడిగేది అరెస్టులు, శిక్షల గురించి. డబ్బు తగాదా నేరచరిత్ర కాదని నాన్నగారికి నచ్చజెప్పండి.

ఇప్పుడు చేయాల్సింది ఒక మెయిల్. ఇన్వాయిస్ నంబరు, ఫైళ్లు ఇచ్చిన తేదీలు, పదిహేను రోజుల గడువు రాయండి. 2025 జనవరి 1 నుంచి కాలిఫోర్నియాలో ఫ్రీలాన్సర్ల రక్షణ చట్టం అమల్లో ఉంది. పని మొదలయ్యాక, ఒప్పుకున్నదానికంటే ఎక్కువ పనో హక్కులో ఇస్తేనే సకాలంలో డబ్బిస్తామనడం దాని ప్రకారం కుదరదు. హైదరాబాద్‌లో ఉన్న మీకు అది వర్తించదని వాళ్లు వాదిస్తారు, వాదించనివ్వండి, మెయిల్లో దాని పేరు మాత్రం రాయండి.

దిగిరాకపోతే ఇక్కడి సివిల్ కోర్టులో మూడేళ్లలోపు దావా వేయవచ్చుగానీ, గెలిచినా ఆ డిక్రీని అమెరికాలో అమలు చేయించడం ఇంకో యజ్ఞం. మీకు రావాల్సినంత మొత్తానికి నేనైతే చిన్న మొత్తాల తగాదాలు తేల్చే కాలిఫోర్నియా స్మాల్ క్లెయిమ్స్ కోర్టు వైపే చూస్తాను. వ్యక్తులు 12,500 డాలర్ల దాకా అక్కడ అడగవచ్చు, మీ కేసుకు ఫీజు 50 డాలర్లు, చాలా కౌంటీల్లో ఆన్‌లైన్‌లో హాజరుకావచ్చు. అక్కడ లాయర్లు వాదించడానికి వీల్లేదు కాబట్టి ఈ సలహాతో మా వాళ్లెవరికీ లాభం లేదు. ఈలోగా మెయిళ్లను స్క్రీన్‌షాట్లుగా కాకుండా అసలు రూపంలోనే దాచండి. ఇంతకుముందు వాళ్ల నుంచి డబ్బు వచ్చి ఉంటే, బ్యాంకును అడిగి ఆ విదేశీ చెల్లింపుల అడ్వైస్, అంటే వివరాల పత్రం, తీసుకోండి.