పొయెటెస్ వద్దు, పొయెట్ అనే వేయించండి

మీ అత్తగారి ఇంగ్లీషు కవితల పుస్తకం అట్ట మీద పొయెట్ అనాలా, పొయెటెస్ అనాలా అని అడిగారు కదా. పొయెట్ అనే వేయించండి, టెన్షన్ వద్దు. మన కవయిత్రి, రచయిత్రి గౌరవమైన మాటలే. కానీ ఇంగ్లీషులో పొయెటెస్, ఆథరెస్ ఇప్పుడు పాతబడ్డాయి, కొంత చిన్నచూపు కూడా ధ్వనిస్తుంది. బడి వ్యాకరణ పుస్తకాల్లో ఇంకా ఉండటం వల్లే మనకీ సందేహం.

ఈ 'ఎస్' (-ess) తోక ఫ్రెంచి నుంచి వచ్చింది. అంతకు ముందు పాత ఇంగ్లీషులో ఆడవాళ్ల పనులకు 'స్టర్' చేర్చేవారు. స్పిన్‌స్టర్ అంటే మొదట నూలు వడికే స్త్రీ, పెళ్లికాని స్త్రీ అన్న అర్థం తర్వాత వచ్చింది. సీమ్‌స్ట్రెస్‌లో (బట్టలు కుట్టే స్త్రీ) రెండు తోకలూ ఉన్నాయి! 'స్టర్' ఆడవాళ్లదని జనం మరిచిపోయాక దానికే 'ఎస్' తగిలించారు.

అన్నిటినీ తీసేయక్కర్లేదు. యాక్ట్రెస్, వెయిట్రెస్ ఇప్పటికీ వాడుకలో ఉన్నాయి. వీలునామాల్లో ఎగ్జిక్యూట్రిక్స్ (వీలునామాను అమలు చేసే స్త్రీ) కనిపిస్తుంది. ఎయిర్ హోస్టెస్ బదులు ఫ్లైట్ అటెండెంట్ మేలు.

కొన్నిటికి అర్థమే వేరు, అక్కడ జాగ్రత్త. గవర్నెస్ అంటే ఇంట్లో ఉండి పిల్లలకు చదువు చెప్పే ఆవిడ. హైదరాబాద్‌లో పుట్టిన సరోజినీ నాయుడు 1947లో నేటి ఉత్తరప్రదేశ్ ప్రాంతమైన యునైటెడ్ ప్రావిన్సెస్‌కు గవర్నర్ అయ్యారు, గవర్నెస్ కాదు. ఆవిడ పరిచయంలో కూడా నేనైతే పొయెట్ అనే రాస్తాను.