బాబాయ్‌ని అడగండి: స్పీడింగ్ లెటరొచ్చింది, కోర్సా? పాయింట్లా?

ప్రశ్న: బాబాయ్ గారూ, నమస్తే. మాది ఒంగోలు. ఇంగ్లండ్‌లోని కొవెంట్రీలో నర్సుగా చేస్తున్నాను. పోయిన నెల నైట్ డ్యూటీ దిగి ఇంటికొస్తూ గంటకి 30 మైళ్ల జోన్‌లో 37లో వెళ్లానట, కెమెరాకి దొరికిపోయాను. అటు రెండు లేన్లు, ఇటు రెండు లేన్లు, మధ్యలో డివైడరు ఉన్న రోడ్డు. 40 అయ్యుంటుందనుకున్నాను. కారు మా ఆయన పేరు మీదుంది కాబట్టి తొమ్మిదో రోజున లెటర్ ఆయనకొచ్చింది. "నా లైసెన్సు మీద ఒక్క పెనాల్టీ పాయింటూ లేదు, నేనే నడిపానని రాసేస్తా, మూడు పడితే పడనీ" అంటున్నారు. నేను ఇక్కడ టెస్టు పాసై 14 నెలలే అయింది గానీ ఒంగోల్లో 2015 నుంచి నడుపుతున్నాను. మా వార్డులో ఒకావిడ పాయింట్లకి బదులు స్పీడ్ అవేర్‌నెస్ కోర్సుకి వెళ్లమంది. మా ఆయన స్నేహితుడేమో "ఫీజూ ఫైనూ ఒకటే, సెలవు రోజు పాడుచేసుకోవడం దేనికి, పాయింట్లు వేయించుకుని మర్చిపోండి" అన్నాడు. ఇంకొకాయన 14 రోజుల్లో నా పేరున లెటర్ రాలేదు కాబట్టి అసలు కేసే చెల్లదంటున్నాడు. నన్నేం చెయ్యమంటారు?
– ఓ అమ్మాయి, కొవెంట్రీ

జవాబు: అమ్మాయ్, ముందు మీ ఆయన చేతిలో పెన్ను లాక్కో. కోర్సా, పాయింట్లా అన్నది తర్వాత చూద్దాం.

ఆయన నీ మీద ప్రేమతోనే అంటున్నాడు, కాదనను. కానీ ఆ కాగితంలో నడిపింది ఎవరని అడుగుతున్నది పోలీసులు. అక్కడ అబద్ధం రాస్తే అది ఇక స్పీడింగ్ కేసు కాదు, పర్వర్టింగ్ ద కోర్స్ ఆఫ్ జస్టిస్, అంటే న్యాయాన్ని పక్కదారి పట్టించడం అనే నేరం. జైలుకి పంపే నేరం. ఈ దేశంలో క్యాబినెట్ మంత్రిగా చేసిన క్రిస్ హ్యూన్ 2003లో ఎం11 మోటర్‌వే మీద స్పీడ్ కెమెరాకి దొరికితే, ఆ పాయింట్లు అప్పటి భార్య విక్కీ ప్రైస్ తన మీద వేసుకుంది. వాళ్లు విడిపోయాక సంగతి బయటపడింది. 2013 మార్చిలో కోర్టు ఇద్దరికీ చెరో 8 నెలల జైలు వేసింది. మూడే మూడు పాయింట్ల కోసం! మీరిద్దరూ విడిపోతారని కాదమ్మా నా ఉద్దేశం. ఆ పొద్దున మీ ఆయన ఎక్కడున్నాడో ఆయన ఆఫీసు లాగిన్ చెబుతుంది, నువ్వెక్కడి నుంచి వస్తున్నావో నీ రోస్టర్ చెబుతుంది. నర్సుగా రిజిస్టరైనదానివి, నేరం రుజువైతే ఆ రిజిస్టరు వాళ్లకీ చెప్పుకోవాలి.

ఆయన చెయ్యాల్సింది ఒక్కటే, 28 రోజుల్లోగా నీ పేరూ అడ్రసూ రాసి పంపడం. పంపకుండా సొరుగులో పడేస్తే ఆయనకే 6 పాయింట్లు, 1000 పౌండ్ల దాకా ఫైనూ. దానికి ఎంఎస్90 అని వేరే కోడ్ ఉంది, ఇన్సూరెన్సు వాళ్లకి స్పీడింగ్ కోడ్ కన్నా అదే ఎక్కువ కంటగింపు. ఆయన పంపాక అలాంటి కాగితమే నీ పేరున వస్తుంది, నడిపింది నేనేనని నువ్వు రాసి పంపాలి. కోర్సు ఆఫర్ వచ్చేది ఆ తర్వాతే. 14 రోజుల రూలంటావా, అది కారు ఎవరి పేరున రిజిస్టరై ఉందో వాళ్లకి వెళ్లే మొదటి లెటర్‌కి మాత్రమే. మీ ఆయనకి తొమ్మిదో రోజునే వచ్చేసింది. నీ పేరున వచ్చేది నెల తర్వాత వచ్చినా చెల్లుతుంది. హైదరాబాద్‌లో చలాన్లు పేరబెట్టుకుని డిస్కౌంట్ ఎప్పుడు ప్రకటిస్తారా అని ఎదురుచూసినవాళ్లం మనం, 2022లో తెలంగాణ పోలీసులు ఇచ్చారు కూడా. ఇక్కడ అలాంటి మేళాలు లేవు.

ఇక కోర్సు సంగతి. 30 జోన్‌లో మామూలుగా 35 నుంచి 42 దాకా దొరికినవాళ్లకి ఆఫర్ వస్తుంది, నీది 37 కాబట్టి అందులోకే వస్తావు. గత మూడేళ్లలో ఒకసారి వెళ్లినవాళ్లకి మాత్రం మళ్లీ ఇవ్వరు. ఫీజూ ఫైనూ ఒకటేనన్న మాట దాదాపు నిజమే. ఫైను 100 పౌండ్లు, కోర్సు ఎక్కడ బుక్ చేసుకున్నావన్నదాన్ని బట్టి కాస్త అటూ ఇటూగా అంతే. కానీ ఆ స్నేహితుడు తన లైసెన్సుని మనసులో పెట్టుకుని మాట్లాడుతున్నాడు, నీదాన్ని కాదు. ఇక్కడ మొదటిసారి టెస్టు పాసైన రెండేళ్లలోపు చేసిన తప్పులకి 6 పాయింట్లు చేరితే లైసెన్సు రద్దయిపోతుంది. 1995లో చేసిన చట్టం అది. ఒంగోల్లో నడిపిన ఏళ్లు ఈ లెక్కలోకి రావు. ఇప్పుడు 3 వేయించుకున్నావనుకో, మిగిలిన పది నెలల్లో ఇంకొక్క కెమెరా చాలు, మళ్లీ ఎల్ ప్లేటు తగిలించుకుని, థియరీ రాసి, ప్రాక్టికల్ డేటు కోసం నెలల తరబడి చూస్తూ కూర్చోవాలి. తెల్లారి డ్యూటీలకి బస్సు ఎన్నింటికుందో నాకన్నా నీకే బాగా తెలుసు.

పాత డ్రైవర్లకి కూడా పాయింట్లు వేయించుకుని మర్చిపోవడం కుదిరే పని కాదు. లైసెన్సు మీద నాలుగేళ్లుంటాయి. ఇన్సూరెన్సు వాళ్లు అయిదేళ్లవి అడుగుతారు. ఇది అనుభవంతో చెబుతున్నాను. 2011లో మిల్టన్ కీన్స్‌లో 30 జోన్‌లో 36లో వెళ్లి దొరికాను. కోర్సు ఆఫర్ వచ్చింది. ఆ కవరు పిజ్జా కరపత్రాలతో కలిసి చెప్పుల స్టాండు కిందికి పోయింది. మా ఆవిడ దీపావళికి ఇల్లు దులిపితే బయటపడింది, అప్పటికి గడువు దాటిపోయింది. మూడు పాయింట్లు పడ్డాయి. ఆ మరుసటి ఏడాది ఇన్సూరెన్సు 140 పౌండ్లు పెరిగింది. అయిదేళ్ల పాటు రెన్యువల్ ఫారంలో ఎస్‌పీ30 అనే స్పీడింగ్ కోడ్‌కి టిక్కు పెట్టిన ప్రతిసారీ మా ఆవిడ చెప్పుల స్టాండు వైపు చూసేది. కోర్సు చేస్తే అది శిక్ష కింద లెక్క కాదు, పాయింట్లుండవు. కొన్ని కంపెనీలు కోర్సుకి వెళ్లారా అని కూడా విడిగా అడుగుతాయి. అడిగితే నిజం చెప్పు. అడగకపోతే నీ అంతట నువ్వు చెప్పక్కర్లేదు.

2021లో 40 జోన్‌లో 47కి మళ్లీ దొరికాను (నవ్వకు). ఈసారి కవరు చింపిన రోజునే కోర్సు బుక్ చేశాను. జూమ్‌లో పెట్టారు, రెండు గంటల ముప్పావు. గదిలో ఒక్కడినే ఉండాలి, కెమెరా ఆపకూడదు, ఫోను ముట్టుకోకూడదు, ముందుగా లైసెన్సు ముఖం పక్కన పెట్టి చూపించాలి. ఆలస్యంగా వస్తే రానివ్వరు. పరీక్షేం ఉండదు, కానీ కునికిపాట్లు పడితే కుదరదు. అందుకే చెబుతున్నాను, నైట్ డ్యూటీ దిగిన పొద్దున మాత్రం బుక్ చేసుకోకు. మా ఇంట్లో సరిగ్గా ఆ టైముకే పప్పు కుక్కరు అయిదు కూతలు కూసింది. పాఠం చెప్పే ఆయన ఆగి, "మీ దగ్గరేమైనా రైలు వెళ్తోందా?" అని అడిగాడు.

అవమానంగా ఉంటుందేమోనని మొదట నాకూ అనిపించింది. తీరా చూస్తే అందులో ఒక రిటైర్డ్ హెడ్మాస్టరు, ఒక డెలివరీ కుర్రాడు, చర్చి నుంచి వస్తూ దొరికిన పెద్దావిడ ఉన్నారు. పాఠం చెప్పే ఆయన ఒక ఫొటో చూపించాడు. అచ్చం నువ్వు రాసినలాంటి రోడ్డు, రెండేసి లేన్లు, మధ్యలో గడ్డి. లిమిట్ ఎంతన్నాడు. దాదాపు అందరం 40 అన్నాం, హెడ్మాస్టరు 50 అన్నాడు. 30 అట! ఫొటోలో లిమిట్ బోర్డే లేదు. దీపస్తంభాలు చూడమన్నాడు. వీధి దీపాలు వరసగా ఉండి వేరే బోర్డేదీ లేకపోతే ఇంగ్లండ్‌లో ఆ రోడ్డు 30, మధ్యలో డివైడరున్నా సరే. 2003 నుంచి ఇక్కడ నడుపుతున్నాను, ఈ ముక్క నాకు తెలియదు. మాచర్ల రోడ్డు మీద రోడ్డు వెడల్పు చూసి యాక్సిలరేటర్ తొక్కడం నేర్చుకున్న కాలు ఇది. వేల్స్ వెళ్తే ఇంకా జాగ్రత్త, 2023 సెప్టెంబర్ 17 నుంచి అక్కడ అలాంటి రోడ్ల మీద మామూలు లిమిట్ 20.

ఏడు మైళ్లకింత రాద్ధాంతమా అని ఆ రోజు నాకూ లోపల ఉక్రోషంగానే ఉంది. ఇక్కడి రోడ్డు నియమాల పుస్తకం హైవే కోడ్ ప్రకారం 30లో వెళ్తున్న కారు ఆగడానికి 23 మీటర్లు కావాలి. బ్రేకు మీదికి కాలు వెళ్లేలోపే 9 మీటర్లు పోతాయి, బ్రేకు పడ్డాక ఇంకో 14. కోర్సయ్యాక అవే లెక్కలతో కరెంటు బిల్లు వెనక 37కి వేసి చూశాను. 30లో వచ్చిన కారు పూర్తిగా ఆగిపోయిన చోట, 37లో వచ్చిన కారు ఇంకా 24 మైళ్ల పైన వేగంతోనే ఉంటుంది. రెండుసార్లు వేశాను, అంతే వచ్చింది. ఎమర్జెన్సీలో చేసినదానివైతే ఆ అంకె నీకు నాకన్నా బాగా అర్థమవుతుంది.

ఆ రోజు నేర్చుకున్నదాంట్లో ఇప్పటికీ వాడుతున్నది మూడో గేరు. 30 జోన్‌లో మూడో గేరులోనే ఉంటే 35 దాటేసరికి ఇంజను గోల పెట్టి చెబుతుంది. మీది ఆటోమేటిక్ అయితే స్టీరింగ్ మీద లిమిటర్ బటనుందేమో చూసుకో. ఆఫర్ లెటర్ రాగానే అందులోని గడువు తేదీని రోస్టర్ పక్కనే అంటించు. బుక్ చేసుకుని వెళ్లకపోయినా ఆఫర్ పోయినట్టే.

ప్రశ్న: అంకుల్, నేను లూటన్‌లో ఎంఎస్సీ చేస్తున్నాను. ఇండియా లైసెన్సు మీద ఫ్రెండు కారు నడుపుతుంటే కెమెరా ఫ్లాష్ కొట్టింది. నాకు ఇక్కడి లైసెన్సే లేదు కదా, పాయింట్లు ఎక్కడ వేస్తారు?
– వరంగల్ కుర్రాడు

జవాబు: వేస్తారు నాయనా. ఇక్కడ లైసెన్సులిచ్చే డీవీఎల్‌ఏ వాళ్లు నీ పేరున ఒక రికార్డు తెరిచి అందులో వేసి ఉంచుతారు, రేపు ఇక్కడి లైసెన్సు తీసుకున్నప్పుడు అవి దాని మీదికి ఎక్కుతాయి. అసలు ఆ కారు ఇన్సూరెన్సులో నీ పేరుందా? నువ్వొచ్చి 12 నెలలు దాటలేదు కదా? దాటితే ఇండియా లైసెన్సు ఇక్కడ చెల్లదు. ఈ రెండిట్లో ఏది తేడా కొట్టినా స్పీడింగ్ కన్నా పెద్ద తలనొప్పి. లెటర్ నీ ఫ్రెండుకొస్తుంది, వాడి చేత నీ పేరే రాయించు. ముందు ఇన్సూరెన్సు కాగితం తీసి చూసి నాకు మళ్లీ రాయి.