సిట్‌కామ్‌లలో వినిపించే నవ్వులు నిజమైనవేనా?

‘ఫ్రెండ్స్’ వంటి అనేక అమెరికన్ సిట్‌కామ్‌లలో (టీవీ హాస్య ధారావాహికల్లో) వినిపించేవి చిత్రీకరణ సమయంలో స్టూడియోలో కూర్చున్న ప్రేక్షకుల నిజమైన నవ్వులే గానీ, వాటిని ఎడిటింగ్‌లో సరిచేస్తారు. ఒకే సన్నివేశాన్ని పలుమార్లు తీస్తే, ఒకే జోకును మూడోసారి విన్నవారు మొదటిసారిలా నవ్వరు. పైగా వేర్వేరు టేకులను అతికినప్పుడు నవ్వు మధ్యలో తెగిపోతుంది కాబట్టి, ఆ వెలితిని రికార్డు చేసిన నవ్వుతో పూడుస్తారు. ఇందుకోసం చార్లెస్ డగ్లస్ అనే సౌండ్ ఇంజనీరు 1950లలో, మీట నొక్కితే రకరకాల నవ్వులు పలికే యంత్రాన్నే తయారుచేశాడు.

యుద్ధరంగంలోని సైనిక ఆసుపత్రి కథతో, ప్రేక్షకులు లేకుండా తీసిన ‘మాష్’ అనే షోకు మాత్రం నవ్వులన్నీ తరువాత కలిపినవే, అయినా ఆపరేషన్ గది సన్నివేశాల్లో నవ్వు వినిపించకుండా నిర్మాతలు పట్టుబట్టడం ఎంతో మెచ్చుకోదగిన నిర్ణయం. నవ్వు వినిపించే ప్రతి షోలోనూ అది పూర్తిగా కృత్రిమమేనని చాలామంది అనుకోవడం పొరపాటు.